ప్రొపెల్లర్ విమానాలు పోయి చిన్న జెట్‌లు వస్తే ప్రయాణికుడికి ఒరిగేదేమిటి?

“దగ్గరి దూరాలకు తిరిగే టర్బోప్రాప్ విమానాలను, అంటే టర్బైన్ ఇంజనుతో ప్రొపెల్లర్ తిప్పేవాటిని, తీసేసి 50 సీట్ల జెట్‌లు పెడుతున్నారు. ప్రయాణం మరింత భద్రంగా, వేగంగా, హాయిగా ఉంటుందా?” అని అడిగారు. ఆరేళ్లు వాటిలోనూ మూడేళ్లు వీటిలోనూ తిరిగినవాడిగా చెబుతున్నాను. భద్రతలో నాకైతే తేడా కనిపించలేదు. వేగంలో తేడా ఉన్నా అది మన చేతికి అందదు. హాయి సంగతి మీ ఎత్తును బట్టి ఉంటుంది. అసలు తేడా వచ్చేది మరోచోట. దాని గురించి తర్వాత చెబుతాను.

నేను పైలట్‌ను కాను. ఆసుపత్రుల్లో స్కానింగ్ యంత్రాలు బాగుచేయడం నా పని. దాదాపు ప్రతి వారం ఒకే దారిలో, 350 కిలోమీటర్ల దూరం విమానంలో వెళ్లి వచ్చేవాణ్ణి. మొదట్లో ఏటీఆర్ 72 అనే ప్రొపెల్లర్ విమానం, తర్వాత ఎంబ్రాయర్ వాళ్ల ఈఆర్‌జే 145 అనే 50 సీట్ల జెట్.

ఏటీఆర్ ఎక్కిన తొలి రోజుల్లో ఒక శీతకాలపు సాయంత్రం నాకు కుడివైపు కిటికీ సీటు దొరికింది. పక్కన డెబ్బై దాటిన ఒక పెద్దాయన. విమానం ఇంకా కదలలేదు, ఇంజను మాత్రం చెవులు గింగుర్లెత్తేలా మోగుతోంది. ఆయన నా మీదుగా కిటికీలోకి వంగి చూసి, “బాబూ, అంత మోత వస్తోంది, ఆ ఫ్యాను తిరగడం లేదేమిటి?” అన్నారు. చూస్తే నిజమే. ప్రొపెల్లర్ శిలలా నిలబడి ఉంది. యంత్రాలు బాగుచేసేవాణ్ణి కదా, ఏదో ఒకటి చెప్పాలి. “ఇంకా వేడెక్కాలండీ” అన్నాను. శుద్ధ అబద్ధం. నాకేమీ తెలియదు.

అసలు సంగతి విమాన సిబ్బందిలో ఒకమ్మాయి చెప్పింది. ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి ఉంచుతారట. విమానం ఆగి ఉన్నంతసేపూ దీపాలకు కరెంటు, ఏసీకి గాలి ఆ కుడి ఇంజనే ఇస్తుంది. దీనికి వాళ్ల భాషలో ‘హోటల్ మోడ్’ అని పేరు. ఇంజను తిరుగుతుంటే ప్రొపెల్లర్‌ను ఆపడం ఎలా సాధ్యమని ఆ రాత్రి కూర్చుని చదివాను. గాలిని కుదించి ఇంధనాన్ని మండించే భాగం వేరు, ప్రొపెల్లర్‌ను తిప్పే టర్బైన్ వేరు. రెంటినీ కలిపే ఇరుసు లేదు, మధ్యలో ఉన్నదల్లా వేడి వాయువే. ఎవరు ఆలోచించారో గానీ దండం పెట్టాలి.

మా పెద్దాయన కష్టాలు అక్కడితో తీరలేదు. గాలిలోకి లేచి మబ్బుల్లోకి వెళ్లగానే, నా భుజం పక్కనే గోడ మీద ఎవరో గులకరాళ్లు విసురుతున్నట్టు ధనధనమని చప్పుడు మొదలైంది. ప్రొపెల్లర్ రెక్కల మీద పేరుకున్న మంచు, రెక్కలను కరెంటుతో వేడిచేసినప్పుడు ఊడి, విమానం ఒంటికి తగులుతుంది. ఆ దెబ్బలు తట్టుకోవడానికే అక్కడ గోడకు అదనపు పలక ఉంటుంది. ఇదంతా అప్పుడు మా ఇద్దరికీ తెలియదు. ఆయన పట్టుకున్న నా మణికట్టును దిగేదాకా వదల్లేదు. కిందికి దిగాక, “ఇంత పాత విమానాలు ఎందుకు నడుపుతారో! ఇకమీదట జెట్ అయితేనే వస్తాను బాబూ” అన్నారు.

పాత విమానం! సీట్ల తోలు ఇంకా కొత్త వాసన పోలేదు. తర్వాత దాని స్థానంలో వచ్చిన జెట్ తలుపు చట్రం మీద చిన్న లోహపు పలక ఉండేది. దాని మీద తయారీ సంవత్సరం 2002. ఎక్కడో ఎవరో వాడి వదిలేసినదాన్ని తెచ్చి, రంగు వేసి, “ఇక మీకు జెట్ సేవలు” అని ప్రకటన ఇచ్చారు. జనం మురిసిపోయారు.

నా వాదన ఇదీ: టర్బోప్రాప్‌లను వెనక్కి నెట్టింది వేగం కాదు, కంటికి కనిపించే ఆ ప్రొపెల్లర్ రెక్కలు. సాబ్ 2000 అనే స్వీడన్ విమానం 1994లో సేవలోకి వచ్చింది. టర్బోప్రాప్ అయినా గంటకు 650 కిలోమీటర్లు దాటి పోయేది, జెట్‌కు కాస్త దిగువన. అయినా 63 మాత్రమే తయారై, 1999లో ఆగిపోయింది. డోర్నియర్ 328 కథ ఇంకా విచిత్రం. 30 పైచిలుకు సీట్ల చక్కటి ప్రొపెల్లర్ విమానం. కొనేవాళ్లు జెట్ కావాలంటున్నారని, అదే ఒంటికి ప్రొపెల్లర్లు పీకేసి జెట్ ఇంజన్లు తగిలించారు. 1998లో అది ఎగిరింది, 2002లో కంపెనీ దివాలా తీసింది. లోపల తిరిగేది రెండింటిలోనూ గ్యాస్ టర్బైనే. ఒకదానికి ఫ్యాను తొడుగులో దాగి ఉంటుంది, మరోదానికి బయట కనిపిస్తుంది. దాచిపెడితే ఆధునికం, కనిపిస్తే పాతకాలం!

భయానికి కారణం లేదని అనను. 1994 అక్టోబరు 31న అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర విమానపు రెక్కల మీద (ప్రొపెల్లర్ రెక్కలు కాదు) మంచు పేరుకుని ఒక ఏటీఆర్ 72 కూలింది, 68 మంది పోయారు. ఆ తర్వాత రెక్కల ముందంచున మంచును విరగ్గొట్టే రబ్బరు తొడుగులను పెద్దవి చేశారు. లోపం సరిదిద్దారు గానీ పేరు బాగుపడలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే 50 సీట్ల జెట్‌లు అందివచ్చాయి. బొంబార్డియర్ సీఆర్‌జే 1992లో, ఎంబ్రాయర్ ఈఆర్‌జే 145 ఆ తర్వాత కొద్ది ఏళ్లకు.

ఇక వేగం. నా దగ్గర చిన్న నోటుపుస్తకం ఉండేది, తలుపు మూసినప్పటి నుంచి తెరిచేదాకా ఎన్ని నిమిషాలో రాసుకునేవాణ్ణి. ఏటీఆర్‌కు సగటున 70, జెట్‌కు 58. జెట్ 37,000 అడుగులకు వెళ్లగలదంటారు, ఏటీఆర్ 25,000 దాటదు. కానీ 350 కిలోమీటర్లకు ఏ జెట్టూ అంత పైకి పోదు, ఎక్కడం పూర్తికాకుండానే దిగడం మొదలు. ఆ మిగిలిన 12 నిమిషాలూ ఏమయ్యేవి? ఈఆర్‌జేలో తలమీది అర నా పనిముట్ల సంచికి సరిపోదు. విమానం మెట్ల దగ్గరే లాక్కుని సామాన్ల గదిలో పడేస్తారు. దిగాక మళ్లీ అది వచ్చేదాకా నిలబడాలి. ఒక వారం నా మీటరు పగిలింది కూడా. ఫిర్యాదు రాస్తే “మీ అభిప్రాయం మాకు అమూల్యం” అని జవాబు. అమూల్యమంటే మూల్యం చెల్లించరని అప్పుడు అర్థమైంది.

హాయి గురించి. ఈఆర్‌జేలో ఒకవైపు ఒకే సీటు ఉంటుంది, అది మాత్రం స్వర్గం. ముందు వరసల్లో నిశ్శబ్దం, ఇంజన్లు వెనక ఉంటాయి గనుక చివరి వరసల్లో హోరు. నడవలో నేను తల వంచుకునే నడిచాను. సీఆర్‌జే 200లో అయితే కిటికీ మరీ కిందికి ఉంటుంది, బయటకు చూడాలంటే నడుము వంచాలి. ఏటీఆర్‌కు రెక్క పైన ఉండటం వల్ల ఏ కిటికీలోంచైనా నేల కనిపిస్తుంది. నదులు, చెరువులు లెక్కపెట్టుకుంటూ వెళ్లేవాణ్ణి.

అసలు తేడా దగ్గరికి వస్తాను. ప్రొపెల్లర్ ఎక్కువ గాలిని నెమ్మదిగా వెనక్కి తోస్తుంది, జెట్ తక్కువ గాలిని వేగంగా తోస్తుంది. తక్కువ వేగంలో, తక్కువ దూరంలో మొదటి పద్ధతికే ఇంధనం బాగా కలిసి వస్తుంది. జెట్‌లతో పోలిస్తే 45 శాతం దాకా ఆదా అని ఏటీఆర్ వాళ్లే చెప్పుకుంటారు. అమ్మేవాడి మాట కాబట్టి కొంత తగ్గించుకున్నా తేడా పెద్దదే. 2008లో చమురు పీపా 147 డాలర్లకు చేరినప్పుడు 50 సీట్ల జెట్ నడపడం ఎంత ఖర్చో అందరికీ తెలిసింది. అమెరికాలో సీఆర్‌జేను అందరికంటే ముందు నడిపిన కోమ్‌ఎయిర్ అనే విమాన సంస్థ 2012లో మూతపడింది.

మా దారిలోనూ అదే కథ. రన్‌వే పొట్టిది, మండుటెండలో జెట్‌కు లేచే బలం చాలక కొన్ని సీట్లు ఖాళీగా ఉంచేవాళ్లు. రోజుకు మూడుసార్లు వచ్చే విమానం రెండుసార్లయింది, తర్వాత ఒకసారి, తర్వాత వారానికి నాలుగు రోజులు. మూడో ఏడాది చివర్లో పూర్తిగా ఆగింది. ప్రొపెల్లర్లే ఉండి ఉంటే ఇప్పటికీ నడిచేదని నేను పందెం కాస్తాను. ఇప్పుడు అదే పనికి ఏడు గంటలు కారు నడుపుకుంటూ వెళ్తున్నాను.

మీ దారిలో ఇంకా ఏటీఆర్ నడుస్తుంటే వెనక వరసల్లో సీటు తీసుకోండి. మోత తక్కువ, ఎక్కే తలుపూ అక్కడే. ముందు వైపు కుడి కిటికీయే దొరికి, ఇంజను మోగుతున్నా ప్రొపెల్లర్ కదలకపోతే కంగారు పడకండి. పక్కనున్నవారు అడిగితే బ్రేకు వేశారని చెప్పండి, నాలా వేడెక్కాలని చెప్పకండి.