ఇంటర్వ్యూకి బట్టీ పట్టకండమ్మా

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది దిల్‌సుఖ్‌నగర్. పోయిన ఏడాది పెళ్లయింది, మా ఆయన అమెరికన్ సిటిజన్, డల్లాస్‌లో ఉంటారు. పెద్దవాళ్లు కుదిర్చిన సంబంధమే. పెళ్లయ్యాక మూడు వారాలు కలిసున్నాం, సెలవు అయిపోయి ఆయన వెళ్లిపోయారు. ఇప్పుడు అమెరికా వీసా ఇంటర్వ్యూ లెటర్ వచ్చింది కానీ అందులో ముంబై అని ఉంది. పక్కింటి అమ్మాయికి ఇక్కడ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లోనే అయింది, నాకెందుకు ముంబై? పైగా అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు, ఇన్ని తక్కువ రోజులు కలిసుంటే నమ్మరు, పెళ్లికి ముందు రెండేళ్లు ప్రేమించుకున్నామని చెప్పండి, ఏం మాట్లాడాలో మేం రాసిస్తాం, ఫొటోలు కూడా సెట్ చేస్తాం అంటున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.

జవాబు: ఆ కన్సల్టెన్సీ గుమ్మం తొక్కకండమ్మా. వాళ్లు రాసిచ్చిన ప్రేమకథ మీరు బట్టీ పట్టి చెప్పారే అనుకోండి, మీ ఆయన మీ కోసం వేసిన ఐ-130 పిటిషన్‌తో పంపిన కాగితాలన్నీ ఆఫీసర్ ముందే ఉంటాయి, మీ మాటకీ వాటికీ ఒక్కచోట పొంతన కుదరకపోతే ఇక అంతే. కావాలని అబద్ధం చెప్పారని తేలితే ఈ ఒక్క వీసాతో పోదు, మిస్‌రిప్రజెంటేషన్ కింద జీవితాంతం అమెరికాకి అనర్హులు అయిపోతారు. అది పడేది మీ మీద, ఫీజు తీసుకున్నవాడి మీద కాదు. కొత్తగా పెళ్లయిన పిల్లల భయంతో వ్యాపారం చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పెద్దలు కుదిర్చిన సంబంధమని తలెత్తుకుని చెప్పండి. ముంబైలో కూర్చునే ఆఫీసర్లకి పెళ్లిచూపులూ ముహూర్తాలూ కొత్త కాదు. మూడు వారాలంటే మూడు వారాలే అనండి, సెలవు అంతే దొరికింది కాబట్టి. సంబంధం ఎవరు తెచ్చారు, మొదటిసారి ఎప్పుడు మాట్లాడుకున్నారు, ఆయన ఏం పని చేస్తారు, అక్కడ ఎవరితో ఉంటారు, ఇంతకుముందు ఆయనకి పెళ్లయిందా, ఇలాంటివే మామూలుగా అడిగేది. కాపురం గురించి అడిగితే భార్యకి జవాబు దానంతటదే వస్తుంది. ఏదైనా గుర్తు లేకపోతే గుర్తు లేదండీ అని చెప్పడంలో తప్పే లేదు. ఇంగ్లిష్ గురించి కూడా దిగులు వద్దు, ఈ వీసాకి ఇంగ్లిష్ పరీక్ష ఏమీ ఉండదు.

ఫొటోల విషయానికొస్తే ఆ బరువైన పెళ్లి ఆల్బమ్ మోసుకెళ్లక్కర్లేదు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, సత్యనారాయణ వ్రతం, రెండు వైపులా బంధువులు కనిపించే గ్రూప్ ఫొటో, ఇలా కొన్ని ప్రింట్ తీయించి వెనకాల తేదీ, ఊరు, ఎవరెవరో రాసిపెట్టుకోండి. ఆయన ఇండియా వచ్చిన టికెట్లు, వాట్సాప్ కాల్స్ లిస్టు, మీ అకౌంట్‌కి పంపిన డబ్బులు, ఇన్సూరెన్స్‌లో నామినీగా మీ పేరు పెట్టి ఉంటే ఆ కాగితం, ఇవన్నీ బలమే.

ముంబై ఎందుకంటే, మన దగ్గర కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై 2023లో నానక్‌రామ్‌గూడకి మారింది కానీ అక్కడ ఇచ్చేవి విజిట్, స్టూడెంట్, హెచ్1, హెచ్4 లాంటి తాత్కాలిక వీసాలు. పక్కింటి అమ్మాయిది బహుశా హెచ్4, అంటే హెచ్1 ఉద్యోగి భార్యకి ఇచ్చేది అయ్యుంటుంది. మీది ఇమ్మిగ్రెంట్ వీసా, దిగగానే గ్రీన్‌కార్డ్ హోల్డర్ అయిపోతారు. ఆ కేసులు ముంబై బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని కాన్సులేట్ చూస్తుంది. లోపలికి ఫోన్లు, బ్యాగులు రానివ్వరు. మీ ఆయన రావాలన్న రూలు లేదు, ఆయన సంతకం చేసిన ఐ-864 స్పాన్సర్ కాగితం, దానికి ట్యాక్స్ రిటర్న్ పేపర్లు ఉంటే చాలు.

నిజానికి మన తెలుగువాళ్లకి ఇబ్బంది వచ్చేది పేర్ల దగ్గర, దీని గురించి మాత్రం కాస్త ఓపిగ్గా కూర్చోండి. టెన్త్ మెమోలో ‘బి. స్వాతి’, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా, పెళ్లి సర్టిఫికెట్‌లో అత్తవారి ఇంటిపేరు, నాన్నగారి వెంకటేశ్వరరావులో ఒకచోట హెచ్ ఉండి ఇంకోచోట లేకపోవడం. అన్నీ చాప మీద పక్కపక్కన పరిచి ఒక్కో అక్షరం సరిచూడండి. తేడాలుంటే డీఎస్-260 అనే వీసా దరఖాస్తు ఫారంలో ఇతర పేర్లు అని అడిగే చోట అన్నీ రాసుండాలి. బర్త్ సర్టిఫికెట్ దొరకకపోతే మున్సిపాలిటీ నుంచి నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, మీరు పుట్టినప్పటి సంగతి తెలిసిన పెద్దవాళ్ల అఫిడవిట్లు జత చెయ్యాలి. పెళ్లికి శుభలేఖ, గుడి రసీదు చెల్లవు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెటే. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా కేంద్రం నుంచి తీసుకోవాలి. మెడికల్ మాత్రం కాన్సులేట్ లిస్టులో ఉన్న ప్యానెల్ డాక్టర్ దగ్గరే, మన ఫ్యామిలీ డాక్టర్ రాసిస్తే పనికిరాదు.

ఇంటర్వ్యూ అయ్యాక 221(జి) అని కాగితం చేతిలో పెడితే అక్కడే కూలబడిపోకండి. దాని మీద రిఫ్యూజ్డ్ అని ఉన్నా చాలాసార్లు అర్థం ఏంటంటే ఫలానా కాగితం కావాలి, లేదా ఇంకా పరిశీలన ఉంది అని. అడిగింది పంపితే కేసు మళ్లీ కదులుతుంది. వీసా చేతికొచ్చేదాకా ఉద్యోగానికి రిజైన్ చెయ్యకండి, టికెట్ కొనకండి.

ప్రశ్న: మా అల్లుడికి గ్రీన్‌కార్డ్ ఉంది, సిటిజన్ కాదు. మా అమ్మాయికీ మనవడికీ కూడా ఇలాగే అవుతుందా అండీ? - ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: కాస్త తేడా ఉందండీ. సిటిజన్ భార్యకి ఏడాదికి ఇన్ని వీసాలే అన్న కోటా పరిమితి లేదు, గ్రీన్‌కార్డ్ వాళ్ల భార్యాపిల్లలు ఎఫ్2ఎ కేటగిరీలోకి వస్తారు, అక్కడ ఎవరి వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్‌లో తేదీ వచ్చేదాకా ఆగాలి. మధ్యలో అల్లుడుగారు సిటిజన్ అయితే అమ్మాయికి ఆ క్యూ ఉండదు, కానీ బాబు అమెరికా పౌరుడు కాకపోతే అతనికి విడిగా ఐ-130 వెయ్యాల్సి ఉంటుంది. ఎఫ్2ఎలో తల్లి కోసం వేసిన పిటిషన్‌లోనే పిల్లాడు వస్తాడు, సిటిజన్ వేసిన పిటిషన్‌లో అలా రాడు. ఇది ముందే తెలియక తల్లికి వీసా వచ్చి పిల్లాడు ఆగిపోయే ఇళ్లుంటాయి, అల్లుడుగారికి ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.

ప్రశ్న: మా చెల్లికి సీఆర్1 అనే భార్య వీసా వచ్చింది. గ్రీన్‌కార్డు రెండేళ్ల గడువుతోనే ఇస్తారట. మా అబ్బాయి మాట వినకపోతే వెనక్కి పంపించేస్తాం అని వాళ్లత్తగారు ఇప్పటి నుంచే అంటున్నారు. నిజంగా అలా పంపించగలరా? - ఒక అక్క, ఉప్పల్

జవాబు: పంపించలేరమ్మా, గ్రీన్‌కార్డ్ రద్దు చేసే అధికారం భర్తకీ లేదు, అత్తకి అసలే లేదు. అమెరికాలో దిగే రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే కండిషనల్ కార్డు ఇస్తారు, గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఆ కండిషన్ తీసెయ్యమని ఇద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తు వెయ్యాలి, వాళ్లు భయపెట్టేది ఆ సంతకం చూసుకునే. కానీ నిజమైన పెళ్లి అయ్యుండి విడాకులైనా, హింస పెట్టినా, చెల్లి ఒక్కతే వేసుకునే దారి చట్టంలోనే ఉంది. ఐ-864 కింద భర్త తీసుకున్న పోషణ బాధ్యత కూడా విడాకులతో పోదు. అక్కడ ఉద్యోగానికి విడిగా పర్మిషన్ కూడా అక్కర్లేదు. చెల్లితో కూర్చుని చెప్పండి, పాస్‌పోర్ట్, కార్డు తన దగ్గరే పెట్టుకోవాలి, వాటి ఫొటోలు మీ ఫోన్‌లో ఉండాలి, సొంత బ్యాంక్ అకౌంట్ తెరవాలి. చెయ్యి ఎత్తితే అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911, మాట్లాడాలనిపిస్తే డొమెస్టిక్ వయొలెన్స్ హాట్‌లైన్ 1-800-799-7233, ఈ రెండు నంబర్లూ విమానం ఎక్కకముందే కంఠతా వచ్చేలా చూడండి.