పెన్సిలు పట్టుకోలేని వేళ్ళు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా బాబుకు 4 సంవత్సరాల 9 నెలలు. యూకేజీ చదువుతున్నాడు. పెన్సిలును గుప్పిట్లో పట్టుకుని కాగితం చిరిగేంత గట్టిగా నొక్కుతాడు, అర పేజీ అయ్యేసరికి చెయ్యి నొప్పంటూ ఏడుస్తాడు. బడిలో రోజూ తెలుగు ఒక పేజీ, ఇంగ్లీషు ఒక పేజీ హోంవర్కు ఇస్తున్నారు. చుక్కల మీద దిద్దే కాపీ పుస్తకాలు మూడు పూర్తి చేయించాను. అయినా చుక్కలు లేకుండా 'అ' రాయమంటే రాయలేడు. మా మామగారు పలక కొనమంటారు, మావారు ట్యాబులో అక్షరాలు దిద్దే యాప్ పెట్టారు. బాబులో లోపం ఏమైనా ఉందంటారా? పెన్సిలుకు తొడిగే రబ్బరు గ్రిప్పు కొనమంటారా?
— ఒక తల్లి, గాజువాక

సమాధానం: మీరు రాసిన దాన్ని బట్టి లోపం ఉందని నాకు అనిపించడం లేదమ్మా. బాబు చేతికి ఇంకా రాని పనిని మనం రెండు పేజీల లెక్కన అడుగుతున్నాం. పుట్టినప్పుడు మణికట్టులోని 8 చిన్న ఎముకలూ మృదులాస్థిగానే, అంటే ఇంకా ఎముకగా మారని మెత్తటి రూపంలోనే, ఉంటాయి. అవి ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి, చివరిది గట్టిపడేది 8 నుంచి 12 ఏళ్ళ మధ్యలోనే. పట్టు కూడా అంతే. ఏడాదిన్నర బిడ్డ క్రేయానును గుప్పిట్లో బిగిస్తాడు, మూడేళ్ళ తరువాత మెల్లగా వేళ్ళ కొసలకు తెస్తాడు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పెన్సిలును పట్టుకుని, అరచెయ్యి కదలకుండా వేళ్ళు మాత్రమే కదలడం చాలామందికి నాలుగున్నర నుంచి ఆరేళ్ళ మధ్య, కొందరికి ఇంకా ఆలస్యంగా వస్తుంది. మీ బాబు ఆ గడప దగ్గరే ఉన్నాడు.

గీతలకూ ఒక వరుస ఉంది. నిలువు గీత రెండేళ్ళకు, అడ్డగీత ఆ తరువాత, సున్న మూడేళ్ళకు, కూడిక గుర్తు నాలుగేళ్ళకు, ఏటవాలు గీతలతో త్రిభుజం ఐదేళ్ళకు అటూఇటూగా వస్తాయి. ఎల్‌కేజీలో స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్ అంటూ మొదలుపెట్టేది అందుకే. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో ఎల్, టీ, హెచ్ ఆ నిలువు, అడ్డ గీతలతోనే అయిపోతాయి. మన తెలుగు అక్షరానికి మాత్రం మొదటి అడుగులోనే వంపు కావాలి. 'ర' రాయాలంటే గుండ్రంగా తిప్పి, ఆపి, చెయ్యి ఎత్తి, తలకట్టు కోసం కొంచెం దించి మళ్ళీ పైకి లాగాలి. మీరు అడిగిన 'అ' అంతకంటే కష్టం, దానిలో మెలిక లోపలికి తిరుగుతుంది. వర్ణమాలలో ముందుంది కనుక రాయడానికీ అదే ముందు రావాలని మనం అనుకోవడంలోనే పొరపాటు ఉంది. పలకడానికి అఆలు ఆ వరుసలోనే నేర్పండి, రాయడానికి మాత్రం సున్న, 'ఠ', 'ర', 'గ'లతో మొదలుపెట్టండి.

చుక్కల పుస్తకాలు పూర్తయినా అక్షరం రాకపోవడంలో వింత లేదు. 2012లో కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు, ఇంకా చదవడం రాని ఐదేళ్ళ పిల్లలను చూసి రాయడం, గీతల మీద దిద్దడం, టైపు చేయడం అనే మూడు రకాలుగా అక్షరాలు నేర్చుకోనిచ్చి, తరువాత వాళ్ళ మెదడును స్కాన్ చేసి చూశారు. చదువుకు పనికివచ్చే భాగాలు చురుకైనది సొంతంగా రాసిన అక్షరాలకే, దిద్దినవాటికీ టైపు చేసినవాటికీ కాదు. చుక్కలు ఉన్నంతసేపూ పిల్లవాడు తరువాతి చుక్కను వెతుకుతాడు గాని అక్షరాన్ని చూడడు. రెండుసార్లు దిద్దించి, చెరిపేసి, వంకరగా వచ్చినా సరే తనంతట తనను రాయనివ్వండి.

ఆ చెరపడానికి పలకను మించింది లేదు, మీ మామగారి మాట వినండి. పలక గరుకుగా ఉండి బలపాన్ని కాస్త పట్టి ఆపుతుంది, ఎంత నొక్కుతున్నదీ వేళ్ళకు తెలుస్తుంది, చిరిగిపోయే కాగితం ఉండదు. బలపాన్ని అంగుళం ముక్కలుగా విరిచి ఇవ్వండి. అంత చిన్న ముక్కను గుప్పిట్లో పట్టుకోవడం సాధ్యం కాదు కనుక, ఎవరూ చెప్పకుండానే అది మూడు వేళ్ళ మధ్యకు వచ్చేస్తుంది. (మా చిన్నప్పుడు బలపం విరిగితే తిట్లు పడేవి!) పలకను గోడకు ఆనించి నిలబెట్టి రాయిస్తే మణికట్టు సరైన వంపు తిరుగుతుంది, భుజానికీ బలం వస్తుంది.

అయితే వేళ్ళ బలం రాతతో మాత్రమే రాదు. పచ్చి బఠాణీలు, వేరుశనగకాయలు ఒలవడం, చపాతీ పిండి పిసకడం, తీగ మీద బట్టలకు క్లిప్పులు పెట్టడం బాబుకు అప్పగించండి. ముగ్గు వేసేటప్పుడు గిన్నె అతని చేతికివ్వండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండిని సన్నగా జారవిడవడం, చుక్క దగ్గర ఆపడం పెన్సిలు అడిగే నేర్పే. మీకు దగ్గర్లోనే దొరికే ఏటికొప్పాక లక్క బొమ్మల్లో వేళ్ళతో తిప్పే చిన్న బొంగరం ఒకటి కొనండి, దాన్ని తిప్పాలంటే ఆ మూడు వేళ్ళే కావాలి. ఆదివారం బీచికి వెళితే తడి ఇసుకలో పెద్ద పెద్ద సున్నలు చుట్టించండి.

గ్రిప్పు ఇప్పుడే వద్దు, వేళ్ళకు బలం లేనప్పుడు అది పట్టును కొంత సరిదిద్దుతుందేమో గాని అలసటను తగ్గించదు. ట్యాబు అద్దం మీద వేలు జారుతుందే తప్ప నొక్కవలసిన పని లేదు కనుక దాన్ని రాతసాధనగా లెక్కించకండి. కుర్చీలో కూర్చుంటే పాదాలు గాలిలో వేలాడకుండా కింద పీట వేయండి. సాధన పది నిమిషాలు చాలు. హోంవర్కు గురించి టీచరుగారితో నెమ్మదిగా మాట్లాడండి. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ వరకు పునాది దశ అని, అందులో ఆటలతో నేర్పాలని చెబుతోంది. పేజీకి బదులు రెండు వరుసలు రాయిస్తానని అడగడంలో తప్పు లేదు.

ఆరేళ్ళు వస్తున్నా గుప్పిట పట్టు విడవకపోయినా, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయినా, చెయ్యి వణుకుతున్నా పిల్లల వైద్యుడికి చూపించి, ఆయన సూచిస్తే ఆక్యుపేషనల్ థెరపిస్టును (రాయడం, గుండీలు పెట్టుకోవడం వంటి రోజువారీ పనులకు సాధన చేయించే నిపుణులను) కలవండి. ఒక చేతిని అసలు వాడకపోయినా, ఇదివరకు చేసిన పని ఇప్పుడు చేయలేకపోయినా ఆరేళ్ళ దాకా ఆగవద్దు, వెంటనే వెళ్ళండి.

ప్రశ్న: మా మనవరాలికి ఐదేళ్ళు. అన్నం కుడిచేత్తో తింటుంది గాని ఎడమచేత్తో రాస్తుంది. ఇప్పుడే మాన్పించాలని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక తాతయ్య, సీతమ్మధార

సమాధానం: మాన్పించకండి బాబుగారూ. దాదాపు పదిమందిలో ఒకరిది ఎడమచేతి వాటం. బలవంతంగా చెయ్యి మార్పిస్తే రాత కుదరకపోగా రాయడమంటేనే భయం పట్టుకుంటుంది. కాగితం పై అంచు కుడివైపుకు వాలేలా కొద్దిగా తిప్పి పెట్టండి, పెన్సిలును మొన నుంచి అంగుళం పైన పట్టుకోమనండి, అప్పుడు రాసింది చేతి కింద దాగకుండా కనిపిస్తుంది. బడి బల్ల మీద ఆమెను ఎడమ చివర కూర్చోబెట్టమని టీచరుగారికి చెప్పండి, పక్కపిల్లతో మోచేతులు తగలవు.