ఆర్డరిచ్చి చేయించిన కత్తి ఒర వదులైతే డబ్బు వెనక్కి అడగొచ్చా?

సందేహం: ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉంటాను. 15వ శతాబ్దపు యుద్ధాలను వేషాలు కట్టి ప్రదర్శించే బృందంలో సభ్యుణ్ణి. నా కత్తికి తోలు తొడిగిన చెక్క ఒర, బెల్టు కలిపి 420 పౌండ్లకు ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చి చేయించాను. అడ్వాన్సు క్రెడిట్ కార్డుతో, మిగతాది బ్యాంకు ద్వారా ఇచ్చాను. చేతికొచ్చి రెండు వారాలైంది. ఒర కాస్త వంచితే కత్తి జారిపోతోంది. చేసిచ్చినాయన ‘కస్టమ్ పని, వెనక్కి తీసుకోం’ అంటున్నాడు.

సమాధానం: ఆయన మాట సగమే నిజం. ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని కారణం చెప్పకుండా 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు 2013 కన్స్యూమర్ కాంట్రాక్ట్స్ నిబంధనల్లో ఉంది. మీరు కోరినట్టు ప్రత్యేకంగా చేసిన వస్తువుకు అది లేదు. తోలు రంగు నచ్చలేదని తిప్పి పంపలేరు. లోపం సంగతి వేరు. కత్తిని పట్టి ఉంచని ఒర, ఒర పని చేయనట్టే. 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం 30 రోజుల్లోపు తిరస్కరించి మొత్తం డబ్బు అడగొచ్చు. రసీదు మీద ‘నో రిటర్న్స్’ అని ఉన్నా ఈ హక్కు పోదు.

అసలు పేచీ కొలతల దగ్గర వస్తుంది. కత్తినే ఆయనకు పంపి ఉంటే తప్పించుకోలేడు. మీరు గీసి పంపిన కొలతలే తప్పయితే మాత్రం మీ కేసు బలహీనం. కత్తి మోడల్ పేరు మాత్రమే చెప్పి ఉంటే, ‘అది చాలు’ అని ఆయన ఒప్పుకున్నాడా లేదా అన్నదే కీలకం. ఒకే మోడల్ కత్తుల్లోనూ చిన్న తేడాలుంటాయి కాబట్టి పాత మెసేజీలన్నీ తీసి పెట్టుకోండి. కత్తి జారడం వీడియో తీయండి. లోపల ఫెల్టు గుడ్డ ముక్క అంటించి సర్దుకుందామనిపిస్తుంది, వద్దు. ఆ తర్వాత లోపం ఎవరిదో తేల్చడం కష్టం.

తిరస్కరిస్తున్నట్టు ఈ వారమే ఈమెయిల్ పంపండి. బాగు చేయమని అడిగితే, ఆ పని జరిగినన్నాళ్లూ 30 రోజుల లెక్క ఆగుతుంది. ఒకసారి బాగు చేశాకా లోపం అలాగే ఉంటే అప్పుడైనా తిరస్కరించవచ్చు.

ఆయన కదలకపోతే కార్డు బ్యాంకును పట్టుకోండి. వస్తువు ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపుంటే, అడ్వాన్సు ఒక్కటే కార్డుతో కట్టినా, 1974 కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ సెక్షన్ 75 కింద బ్యాంకుకూ మొత్తానికి బాధ్యత ఉంటుంది. అక్కడా తేలకపోతే కోర్టులో స్మాల్ క్లెయిమ్ (చిన్న మొత్తాల దావా) వేయొచ్చు.

మళ్లీ అమర్చి చూడటానికి ఆయన దగ్గరికి వెళ్లాల్సొస్తే కత్తిని నడుముకు కట్టుకుని బస్సెక్కకండి. బహిరంగ స్థలంలో కత్తి ఉంటే సరైన కారణం చూపాల్సిన భారం 1988 క్రిమినల్ జస్టిస్ యాక్ట్ ప్రకారం మీదే. చుట్టి, తాళం వేసిన సంచిలో తీసుకెళ్లండి. ఆర్డరు ఈమెయిల్ ఫోన్లో ఉంచుకోండి.