డాక్టర్ గారు బయటికెళ్తే సూది వేయొచ్చా?

ప్రశ్న: ఇండియాలో ఆరేళ్లు నర్సుగా చేశాను. ఇక్కడ కాలిఫోర్నియాలో నర్సు లైసెన్సు ఇంకా రాలేదు కాబట్టి ఒక చిన్న క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంట్‌గా (డాక్టర్‌కు సాయపడే, లైసెన్సు అక్కర్లేని ఉద్యోగం) చేరాను. మా డాక్టర్ గారు మధ్యాహ్నం వెళ్లిపోతూ "స్టాండింగ్ ఆర్డర్ (డాక్టర్ ముందే రాసిపెట్టిన ఆదేశం) ఉందిగా, టీకాలు వేసేయండి, ఏదైనా ఉంటే ఫోన్ చేయండి" అంటారు. అప్పుడు ఒక రిజిస్టర్డ్ నర్సు మాత్రమే ఉంటారు. మొన్న సెలైన్ కూడా పెట్టమన్నారు. చేతకాక కాదు గానీ టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: మీ టెన్షన్‌లో న్యాయముంది. రెండూ చేయకండి.

ముందు టీకాల సంగతి. స్టాండింగ్ ఆర్డర్ ఉంటే ఆ పని చేయడానికి మీకు అనుమతి ఉన్నట్టే, అంతవరకే. పర్యవేక్షణ వేరే విషయం. మీరు సూది వేస్తున్నంతసేపూ పర్యవేక్షించే వ్యక్తి ఆ క్లినిక్‌లో ఉండి తీరాలని అక్కడి చట్టం చెబుతుంది. మీ పక్కనే నిలబడక్కర్లేదు, కానీ ఫోన్‌లో అందుబాటులో ఉంటే చాలదు. డాక్టర్ లేనప్పుడు, ముందే రాతపూర్వకంగా అప్పగించి ఉంటే, ఫిజీషియన్ అసిస్టెంట్, నర్స్ ప్రాక్టీషనర్, సర్టిఫైడ్ నర్స్ మిడ్‌వైఫ్ (వీళ్లు మామూలు నర్సు కంటే ఎక్కువ అధికారాలున్న, లైసెన్సున్న వాళ్లు) ఆ బాధ్యత తీసుకోవచ్చు. 2014 నుంచి మామూలు ప్రైవేటు క్లినిక్‌లకూ ఈ వెసులుబాటు వచ్చింది. రిజిస్టర్డ్ నర్సు మాత్రం ఈ జాబితాలో లేరు. సిరంజిలో సరైన మందే ఉందా, డోసు ఎంత అని వేసేముందు లైసెన్సున్న వాళ్లొకరు సరిచూడాలి, అది ఆ రిజిస్టర్డ్ నర్సు చేయొచ్చు. చాలా క్లినిక్‌లలో గందరగోళమంతా ఇక్కడే, సిరంజి చూసినావిడే పర్యవేక్షకురాలు అనుకుంటారు.

సెలైన్ విషయంలో అయితే డాక్టర్ ఎదురుగా కూర్చున్నా కుదరదు. సూది పెట్టడం, ఎక్కించడం మొదలుపెట్టడం, చివరికి ట్యూబు తీసేయడం కూడా మెడికల్ అసిస్టెంట్ పని కాదు. లోకల్ అనస్తీషియా ఇంజెక్షనూ అంతే. మీకు అనుమతి ఉన్నవి కండలోకి, చర్మం కిందికి, చర్మంలోకి వేసే ఇంజెక్షన్లు, స్కిన్ టెస్టులు, రక్తం తీయడం లాంటివి. వాటికైనా ఇంజెక్షన్లకు 10 గంటలు, రక్తం తీయడానికి 10 గంటలు శిక్షణ ఉండాలి. ఆరేళ్లలో మీరు ఎన్ని సెలైన్లు పెట్టి ఉంటారో నేను ఊహించగలను, చేయి తిరిగినవాళ్లను ఆపడం అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ లైసెన్సు చేతికొచ్చేదాకా అక్కడ మీరు మెడికల్ అసిస్టెంటే. తేడా వస్తే లైసెన్సు లేకుండా వైద్యం చేశారని మీ మీద, చేయించారని డాక్టర్ గారి మీద పడుతుంది.

ఆయనతో గొడవ అక్కర్లేదు. "సార్, మీరు వెళ్లేలోపే టీకాలవాళ్లను పిలిపిస్తాను, మిగతావాళ్లకు మీరు తిరిగొచ్చాక టైమ్ ఇస్తాను" అని చెప్పి చూడండి. వేసిన ప్రతి సూదికీ తేదీ, టైమ్, మీ పేరు, ఎవరి ఆర్డర్ అన్నది చార్టులో రాయండి. పాత చార్టుల్లో మాత్రం ఇప్పుడు ఏమీ దిద్దకండి.