ఏది ముందు చేయాలి మేడమ్?

పరీక్షల సీజన్ కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నర్సింగ్ ఫండమెంటల్స్ గురించే ఉన్నాయి. అందులో నాలుగు తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నా, ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష నార్‌సెట్‌కి ప్రిపేర్ అవుతున్నా. బిట్లు బాగానే చేస్తాను గానీ ‘నర్సు ముందుగా ఏం చేయాలి’ అని అడిగితే నాలుగు ఆప్షన్లూ కరెక్టుగానే కనిపిస్తాయి. తప్పైతే మూడో వంతు మార్కు పోతుందని టెన్షన్.

జవాబు: నాలుగూ కరెక్టుగా కనబడటం నీ తప్పు కాదమ్మా. నిజంగానే నాలుగూ చేయాల్సిన పనులే అయి ఉంటాయి, వాళ్ళు అడిగేది వరస. ఒక బిట్ చూద్దాం. రక్తం ఎక్కించడం మొదలుపెట్టి పది నిమిషాలైంది, పేషెంటు చలి పుడుతోంది, నడుము నొప్పిగా ఉంది అంటున్నాడు. డాక్టర్‌కి చెప్పాలా, బీపీ చూడాలా, రక్తం ఆపాలా, బ్యాగును బ్లడ్ బ్యాంకుకు పంపాలా? చాలామంది పిల్లలు డాక్టర్‌కి చెప్పాలి అనే పెడతారు. కానీ నువ్వు ఫోన్ దగ్గరికి పోయి వచ్చేలోపు ఆయనకు పడని రక్తం చుక్క చుక్కగా లోపలికి పోతూనే ఉంటుంది. అందుకే ముందు ఆపు. తర్వాత ఆ ట్యూబు సెట్ తీసేసి కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టి లైన్ నిలబెట్టుకో, ఎందుకంటే పాత సెట్‌లోనే సెలైన్ వదిలితే ట్యూబులో మిగిలిన రక్తాన్ని కూడా మనమే లోపలికి నెట్టినట్టు. ఆ పైన డాక్టర్‌కి చెప్పడం, వైటల్స్ (బీపీ, పల్స్ లాంటివి) చూడడం, ట్యూబుతో సహా బ్యాగును బ్లడ్ బ్యాంకుకు పంపడం.

అసెస్‌మెంట్, డయాగ్నసిస్, ప్లానింగ్, ఇంప్లిమెంటేషన్, ఎవాల్యుయేషన్ అని నర్సింగ్ ప్రాసెస్ మెట్లు వల్లె వేస్తాం కదా, అసెస్‌మెంట్ మొదటిది కాబట్టి ప్రతి బిట్‌కీ అదే పెట్టేవాళ్ళు ఉన్నారు. ప్రశ్నలోనే లక్షణాలన్నీ ఇచ్చేసి ఉంటే అసెస్‌మెంట్ అయిపోయినట్టే, ఇక చెయ్యి కదలాలి. ‘పేషెంటు ఏదోలా ఉందంటున్నాడు’ అని మాత్రమే ఉంటే ముందు చూడాలి. ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలి అని అడిగితే ఎయిర్‌వే (గాలి పోయే దారి), బ్రీతింగ్ (శ్వాస), సర్క్యులేషన్ (రక్తప్రసరణ), ఆ వరసే. కాలు నొప్పని గట్టిగా అరుస్తున్నవాడికంటే, మంచం మీద ముందుకు వంగి కూర్చుని ఒక మాట పూర్తి చేయలేక ఎగపోస్తున్నవాడి దగ్గరికి ముందు పోవాలి.

ప్రశ్న: మాది చిత్తూరు మేడమ్, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో ఏడాది. పొద్దున్నుంచి వార్డు పోస్టింగ్‌తో ఒళ్ళు హూనమవుతుంది. అక్కడ టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, శ్వాస) చార్టులు తప్ప మాతో ఏమీ చేయించరు. ఇంక చదివేదెప్పుడు?

జవాబు: టీపీఆర్ ‘తప్ప’ అనొద్దు తల్లీ, నీ పేపర్లో సగం అక్కడే ఉంది. నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఒక ఆస్పత్రిలో మగవాళ్ళ వార్డు చూసేదాన్ని. టెంపరేచర్ చూసేదాన్ని, పల్స్ పట్టేదాన్ని, శ్వాస మాత్రం అందరికీ 20 అని రాసేసేదాన్ని, సీనియర్లు అలాగే రాసేవాళ్ళు కాబట్టి. ఒకరోజు వార్డు సిస్టర్ నా చెయ్యి పట్టుకుని ఒక పెద్దాయన మంచం దగ్గరికి తీసుకెళ్ళి, ఆయన కప్పుకున్న దుప్పటి చూడమంది. ఆ దుప్పటి ఎంత వడిగా లేచి పడుతోందో ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. లెక్కపెడితే నిమిషానికి 34, నా చార్టులో 20. పెద్దవాళ్ళకు 12 నుంచి 20 అని నాకప్పటికే నోటికి వచ్చు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

పల్స్ చూశాక వేళ్ళు మణికట్టు మీదే ఉంచి, చూపు ఛాతీ మీదికి మార్చి శ్వాస లెక్కపెట్టు. శ్వాస లెక్కపెడుతున్నానని చెబితే పేషెంటు తెలియకుండానే దాన్ని మార్చేస్తాడు. ఈ కారణమే పరీక్షలో అడుగుతారు. పల్స్ 60 నుంచి 100, కానీ అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి వచ్చిన మనిషికి అప్పటికప్పుడు పట్టుకుంటే ఎంతుంటుందో నీకే తెలుసు, అందుకే కాసేపు కూర్చోబెట్టి చూడమంటారు. లయ తప్పుతుంటే 30 సెకన్లు చూసి రెండింతలు చేయకుండా నిమిషమంతా చూడాలి. గుండె మందు డిగాక్సిన్ ఇచ్చేముందు ఎపికల్ పల్స్ (ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి వినేది) నిమిషంపాటు చూడాలి, పెద్దవాళ్ళకు 60 కంటే తగ్గితే మాత్ర ఆపి డాక్టర్‌కి చెప్పాలి. లావుపాటి చేతికి చిన్న కఫ్ (బీపీ మిషన్ పట్టీ) కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, బక్క చేతికి పెద్ద కఫ్ అయితే తక్కువ. పేషెంటు అప్పుడే వేడి కాఫీ తాగి ఉంటే నోట్లో థర్మామీటర్ పెట్టడానికి 15 నుంచి 30 నిమిషాలు ఆగు.

ఇన్‌టేక్ చార్టు, అంటే పేషెంటు తీసుకున్న ద్రవాల లెక్క కూడా అంతే. ‘రెండు గ్లాసుల రాగి అంబలి తాగినాడమ్మా’ అని ఇంటివాళ్ళు చెబితే ఆ గ్లాసు ఎంత పడుతుందో చూసి మిల్లీలీటర్లలో రాయి. సంగటి ముద్ద ఆ లెక్కలోకి రాదు.

ప్రశ్న: ఐవీ డ్రిప్ లెక్క ఎన్నిసార్లు చేసినా తప్పు వస్తోంది మేడమ్.

జవాబు: ఎక్కువమంది గంటల్ని నిమిషాలుగా మార్చడం మర్చిపోతారు. 1000 మి.లీ. 8 గంటల్లో పోవాలి, సెట్ మిల్లీలీటరుకు 15 చుక్కలది అనుకో. 1000ని 15తో గుణిస్తే 15,000, ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు, భాగిస్తే 31.25, అంటే నిమిషానికి 31 చుక్కలు. 8తోనే భాగిస్తే 1,875 వస్తుంది, అది చుక్కలు కాదు ధార, అక్కడే ఆగి సరిచూసుకో. చిన్న చుక్కలు పడే మైక్రో సెట్‌కి మిల్లీలీటరుకు 60 చుక్కలు, గంటకు 60 నిమిషాలు, రెండూ కొట్టేస్తే గంటకు ఎన్ని మి.లీ. పోవాలో నిమిషానికి అన్నే చుక్కలు.

ప్రశ్న: ఎనిమాకి (మలద్వారం గుండా పేగులోకి ద్రవం ఎక్కించడానికి) ఎడమవైపే ఎందుకు పడుకోబెడతారు? గైడ్‌లో జవాబు ఉంది, కారణం లేదు.

జవాబు: పెద్దపేగు కింది భాగాలు సిగ్మాయిడ్ కోలన్, డిసెండింగ్ కోలన్ రెండూ ఎడమవైపే ఉంటాయి కాబట్టి ద్రవం దానంతటదే కిందికి దిగుతుంది. మధ్యలో పేషెంటు కడుపు పట్టేస్తోందంటే ద్రవం ఉన్న క్యాన్ కిందికి దించు, లేదా కాసేపు ఆపు, నొప్పి తగ్గాక మళ్ళీ మెల్లగా వదులు.