ఆ పుస్తకాలు పాత పేపర్లవాడికి ఇవ్వకు

నాన్నా,

ఇంటర్ నుంచి డబ్బులు దాచుకుని కొన్న నీ అభిమాన రచయిత థ్రిల్లర్లన్నీ పాత పేపర్లవాడికి ఇచ్చేస్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. ఆయన కొత్తది చప్పగా ఉందని అంత కోపం వచ్చిందంటే నాకు అర్థమవుతుంది. నాకూ ఒక రచయిత ఇలాగే చేశాడు. ఆయన నవల వచ్చిందంటే మన వైజాగ్ పూర్ణా మార్కెట్ దగ్గర అద్దె పుస్తకాల షాపులో ముందే నా పేరు చెప్పి ఉంచేదాన్ని. తర్వాత్తర్వాత హంతకుడెవరో యాభయ్యో పేజీకే తెలిసిపోయేది, మిగతాదంతా హీరో ఉపన్యాసాలే. ఆ కోపంలో నా దగ్గరున్నవన్నీ ఎవరెవరికో ఇచ్చేశాను, ఇప్పుడు వాటిలో రెండింటి కోసం వెతుకుతున్నాను, దొరకడం లేదు.

అందుకే ముందు నీకు బాగా నచ్చిన పాతది ఒకటి తీసి మళ్లీ చదువు. ముగింపు తెలిసి కూడా వదలబుద్ధి కాకపోతే మారింది ఆయనే. అదీ చప్పగా ఉందంటే, ఇన్నేళ్లలో ఇన్ని పుస్తకాలు చదివి ఆ కిటుకులన్నీ నీకు తెలిసిపోయాయి, అందులో ఆయన తప్పేం లేదు.

అట్ట మీద చిన్న అక్షరాలు కూడా చూడు. థ్రిల్లర్ రచయిత రాబర్ట్ లడ్లమ్ 2001లో పోయినా ఆయన పేరు పెద్దగా వేసి వేరేవాళ్లు రాసిన నవలలు వస్తూనే ఉన్నాయి. ఇంకో థ్రిల్లర్ రచయిత లీ చైల్డ్ 2020 నుంచి తన హీరో జాక్ రీచర్ నవలలు తమ్ముడితో కలిసి రాశాడు. ఇందులో దాచిందేం లేదు, రెండో పేరు అట్ట మీదే ఉంటుంది, మనమే పెద్ద అక్షరాలు చూసి కొనేస్తాం.

ఇంకోటి, రాసేవాడికీ విసుగు పుడుతుంది. కోనన్ డాయిల్ 1893లోనే తన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్‌ని కథలో చంపేశాడు, పాఠకులు ఊరుకోలేదు, 1903లో మళ్లీ బతికించాడు. కానీ అసలు జబ్బు వేరే అని నాకనిపిస్తుంది. వీక్లీ సీరియల్ రాసేవాళ్లకి ప్రతి వారం చివర ఒక ముడి వెయ్యకపోతే పాఠకుడు జారిపోతాడన్న భయం ఉండేది, బాగా పేరొచ్చాక పుస్తకం ఎలా ఉన్నా అమ్ముడుపోతుంది కాబట్టి ఆ భయం పోతుంది, దాంతోపాటే టెన్షనూ పోతుంది.

ఇకమీదట ఆయన కొత్తది రాగానే కొనెయ్యకు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వచ్చిందేమో చూడు, లేదా ఫ్రెండ్స్ దగ్గర తీసుకుని వంద పేజీలు చదువు, పట్టు దొరక్కపోతే మూసెయ్యి. ఆయనకి ఉత్తరం రాయాలనుంటే తప్పకుండా రాయి, చెత్తగా ఉందని మాత్రం రాయకు. ఏ అధ్యాయంలో బిగి సడలిందో, ఏ పాత్ర తన తీరుకి పొసగని పని చేసిందో రాయి. ఇన్నేళ్లు చదివినవాడివి, నీకంటే బాగా ఎవరు చెప్పగలరు?

మీ ఫ్లాట్ బీచ్ రోడ్డుకి దగ్గర కదా, ఆ ఉప్పుగాలికి కాగితం చెమ్మ పట్టేస్తుంది, అట్టపెట్టెలో కట్టి బాల్కనీలో పడెయ్యకు. చోటు లేదంటే ఆదివారం మహారాణిపేట పట్టుకొచ్చెయ్యి, నా బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఉంచాను.

మీ పెద్దమ్మ