కంప్యూటర్ సైన్స్ పక్కన ఇంటర్నేషనల్ బిజినెస్ చదవొచ్చా?

గుంటూరులో, విశాఖపట్నంలో కలిపి 24 ఏళ్లు ఎగుమతి పత్రాల పని చేశాను. ఇప్పుడు కాలేజీల్లో ఆ పాఠమే చెబుతున్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఇంటర్నేషనల్ బిజినెస్‌ను మైనర్‌గా, అంటే డిగ్రీలో అసలు సబ్జెక్టు పక్కన రెండోదిగా, తీసుకోవడం గురించే. అందుకే ఈ పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను భీమవరంలో బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా ఫ్రెండ్స్ అందరూ ఏఐలో ఆనర్స్ చేస్తామంటున్నారు. మైనర్ల జాబితాలో ఇంటర్నేషనల్ బిజినెస్ ఉంది, నాకు అది తీసుకోవాలని ఉంది. మా నాన్న ఉండి అనే ఊరి దగ్గర 8 ఎకరాల్లో రొయ్యలు సాగు చేస్తారు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం పెంచగానే మా చెరువు గట్టు మీద రేటు పడిపోయింది. ఎందుకలా జరుగుతుందో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. సీనియర్లేమో “సీఎస్‌ఈ వాళ్లకి అదెందుకు, టైమ్ వేస్ట్” అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. తీసుకోవాలా, వద్దా? – ఒక విద్యార్థిని, భీమవరం

జవాబు: తీసుకో అమ్మా.

నీ ఉత్తరంలో “మా చెరువు గట్టు మీద రేటు” అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ చదువు ఎవరికి ఉపయోగమని అడిగితే నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను. ఏదో ఒక సరుకు ముందే తెలిసినవాళ్లకి ఉపయోగం. అది రొయ్య కావచ్చు, మిరప కావచ్చు, సాఫ్ట్‌వేర్ కావచ్చు. ఏ సరుకూ తెలియకుండా ఇంటర్నేషనల్ బిజినెస్ చదివితే పరీక్ష రాసిన మర్నాటికి ఏమీ గుర్తుండదు. నీకు రొయ్య తెలుసు. మేత ఖర్చు తెలుసు, 30 కౌంట్‌కీ 100 కౌంట్‌కీ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) తేడా తెలుసు, పట్టుబడికి ముందు యాంటీబయాటిక్ పరీక్ష ఎందుకు చేస్తారో తెలుసు. నీ క్లాసులో ఇంకెవరికీ లేని సొమ్ము అది.

ముందు మీ నాన్నగారి రేటు సంగతి చూద్దాం. 2025 ఆగస్టు 7 నుంచి మన సరుకు మీద అమెరికా 25 శాతం అదనపు సుంకం వేసింది. అదే నెల 27 నుంచి ఇంకో 25 కలిపి 50 శాతం చేసింది. రొయ్యల మీద యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (మన ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసేది) సుంకాలు అప్పటికే ఉన్నాయి, ఇది వాటి మీద అదనం. అప్పుడు లక్ష డాలర్ల సరుకు దిగితే 50 వేల డాలర్లు అక్కడి కస్టమ్స్‌కు కట్టాల్సి వచ్చింది. చట్టప్రకారం కట్టేది దిగుమతి చేసుకున్నవాడే. మరి మన గట్టు మీద ధర ఎందుకు పడాలి? ఆ నెలలోనే ఈక్వడార్ రొయ్య మీద అమెరికా వేసిన సుంకం 15 శాతం. అక్కడినుంచి ఓడ ప్రయాణం కూడా తక్కువ. కొనేవాడు “ధర తగ్గించండి, లేకపోతే అక్కడ కొంటాను” అంటాడు. మన ఎగుమతిదారు శీతల గిడ్డంగి అద్దె తగ్గించలేడు, ప్లాంటులో జీతాలు ఆపలేడు, ఓడ చార్జీ అతని చేతిలో లేదు. చేతిలో ఉన్నది చెరువు దగ్గర ఇచ్చే రేటొక్కటే. పైగా సుంకం కూడా అమ్మినవాడే కట్టి కొన్నవాడి గుమ్మం దాకా చేర్చే డీడీపీ షరతు మీద అమ్మి ఉంటే, ఆ 50 వేలు నేరుగా మనవాడి నెత్తినే పడతాయి. అమెరికా వాడు పెట్టిన సంతకం మీ ఉండి ఊరి దాకా వచ్చిన దారి ఇదే. ఇది మీ నాన్నగారికి నువ్వే చెప్పు. తర్వాత చదవబోయే దానిలో సగం ఆ సంభాషణలోనే ఉంటుంది.

డీడీపీ అన్నాను కదా. ఇలాంటి షరతులు 11 ఉన్నాయి, వాటిని ఇన్‌కోటర్మ్స్ అంటారు. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదటిసారి వీటిని ప్రకటించింది, ఇప్పుడు నడుస్తున్నది 2020 కూర్పు. సిలబస్‌లో ఇది ఒక చిన్న యూనిట్‌గా కనిపిస్తుంది, దాన్ని చిన్నదనుకోకు. సీఐఎఫ్‌నే చూడు. అవతలి రేవు దాకా ఓడ ఖర్చు, బీమా అమ్మినవాడే పెట్టుకుంటాడు కాబట్టి సరుకు అక్కడికి చేరేదాకా బాధ్యత కూడా అతనిదేనని ఎంబీఏ పిల్లలు సైతం రాస్తారు. తప్పు. విశాఖలో సరుకు ఓడ ఎక్కగానే నష్టభయం కొన్నవాడిది అయిపోతుంది. డబ్బు ఒకచోట దాకా, రిస్కు ఇంకోచోట దాకా. ఈ తేడా అర్థమైన రోజు నీకు ఈ సబ్జెక్టు రుచి తెలుస్తుంది.

ఇక మైనర్ లెక్క. ఆనర్స్ అంటే నీ సొంత బ్రాంచిలోనే అదనంగా చదవడం, మైనర్ అంటే వేరే విభాగంలో చదవడం. బీటెక్‌లో మామూలుగా 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా పూర్తి చేయాలి. వాటిలో కొన్నింటిని స్వయం, ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సులతో తెచ్చుకోనిచ్చే యూనివర్సిటీలు ఉన్నాయి. కావలసిన సీజీపీఏ ఎంత, మధ్యలో ఆపేస్తే చదివిన క్రెడిట్లు ఏమవుతాయి అన్న రెండూ మీ రెగ్యులేషన్ పుస్తకంలో చూసుకుని సంతకం పెట్టు. నిజం కూడా చెబుతాను. క్యాంపస్ ఇంటర్వ్యూలో మొదట అడిగేది నీ కోడింగే. ఈ మైనర్ వల్ల మొదటి ప్యాకేజీ పెరుగుతుందని నేను చెప్పలేను. కోడింగ్‌కి నష్టం జరిగేలా అయితే మాత్రం దీని జోలికి వెళ్లకు.

ఏ పేపర్ మీద మనసు పెట్టాలో కూడా చెబుతాను. రికార్డో 1817లో రాసిన ఇంగ్లండ్ బట్ట, పోర్చుగల్ వైన్ ఉదాహరణ మొదట వస్తుంది, శ్రద్ధగా చదువు. ప్రతి దేశం తాను పోలికలో మెరుగ్గా చేసేదే చేసి మిగతాది కొనుక్కోవడం ఎందుకు లాభమో దానికంటే తేలిగ్గా చెప్పిన పాఠం లేదు. అసలు ప్రాణం మాత్రం ఎగుమతి పద్ధతులు, పత్రాల పేపర్. చాలా కాలేజీల్లో దానికి తక్కువ క్లాసులు పెట్టి, చివరి వారాల్లో పరుగులు పెట్టిస్తారు. ఇది చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఎందుకో చెప్పాలంటే నా సంగతి ఒకటి చెప్పాలి.

గుంటూరులో నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది. తూర్పు దేశాల్లో ఒక కొనుగోలుదారుకి మిరప కంటైనర్ పంపుతున్నాం. అతని బ్యాంకు తెరిచిన ఎల్‌సీలో (లెటర్ ఆఫ్ క్రెడిట్, పత్రాలు సరిగ్గా ఉంటే డబ్బు ఇస్తానని బ్యాంకు రాసిచ్చే హామీ) సరుకు పేరు ‘డ్రై రెడ్ చిల్లీస్ వితౌట్ స్టెమ్’ అని ఉంది. నేను ఇన్‌వాయిస్‌లో ‘స్టెమ్‌లెస్ డ్రై చిల్లీస్’ అని టైప్ చేశాను. తొడిమ తీసిన ఎండు మిరప అనే కదా రెండింటికీ అర్థం. మిరప యార్డులో ఎవరిని అడిగినా రెండూ ఒకటే అంటారు. బ్యాంకు అనలేదు. ఇన్‌వాయిస్‌లో సరుకు వర్ణన ఎల్‌సీతో సరిపోలేదని డబ్బు ఆపేసింది. ఆ లోపల అక్కడ మిరప ధర తగ్గింది. కొన్నవాడికి సాకు దొరికింది, టన్నుకు 30 డాలర్లు తగ్గిస్తేనే పత్రాలు తీసుకుంటానన్నాడు. సరుకేమో నడిసముద్రంలో ఉంది. మా యజమాని తగ్గించారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

బ్యాంకులు చూసేది పత్రాలనే, సరుకును కాదు. ఎల్‌సీల విషయంలో బ్యాంకులు పాటించే, 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 నియమాల్లో ఐదోది సరిగ్గా ఇదే చెబుతుంది. ఓడ ఎక్కించిన 21 రోజుల్లోగా పత్రాలు ఇవ్వాలి, బ్యాంకు 5 పనిదినాల్లో పరిశీలించి చెప్పాలి. సీఎస్‌ఈ చదివే నీకు ఇక్కడ పని కనిపిస్తోందా? ఎల్‌సీని, ఇన్‌వాయిస్‌ను, బిల్ ఆఫ్ లేడింగ్‌ను (సరుకు అందిందని ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) పక్కపక్కన పెట్టి తేడాలు పట్టే ప్రోగ్రామ్ నీ ఫైనలియర్ ప్రాజెక్టు ఎందుకు కాకూడదు? మీ నాన్నగారి సరుకు కొనే ప్లాంటులో తెలిసినవాళ్లుంటే, ధరలూ పేర్లూ కొట్టేసిన పాత పత్రాల సెట్టు ఒకటి అడిగి తెచ్చుకో. ఆ ఒక్క సెట్టుతో నీ 20 క్రెడిట్లూ బతికిన చదువవుతాయి.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి ఇంటర్ పూర్తి చేసి అమెరికాలో బ్యాచిలర్స్‌కి వెళ్తున్నాడు. ఇంటర్నేషనల్ బిజినెస్ మేజర్, కంప్యూటర్ సైన్స్ మైనర్ తీసుకుంటానంటున్నాడు. అటూ ఇటూ మారినా రెండూ ఒకటేనని ఇక్కడి కన్సల్టెన్సీలో చెప్పారు. నిజమేనా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కాదండీ. ఫీజు కట్టకముందే అడిగారు, మంచిపని చేశారు.

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివిన పిల్లలు డిగ్రీ తర్వాత ఓపీటీ (పని అనుభవం కోసం ఇచ్చే అనుమతి) కింద 12 నెలలు పనిచేయవచ్చు. ఆ పని మేజర్‌కు సంబంధించినదై ఉండాలి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉన్న డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు పొడిగింపు అడగవచ్చు. దీనికి చూసేది మేజర్‌ను మాత్రమే, మైనర్ లెక్కలోకి రాదు. కంప్యూటర్ సైన్స్ ఆ జాబితాలో ఉంది, ఇంటర్నేషనల్ బిజినెస్ మామూలుగా ఉండదు. అంటే మీ అబ్బాయి చెప్పిన క్రమంలో చదివితే దొరికేది ఒక సంవత్సరం, తిరగేస్తే మూడు సంవత్సరాలు. అప్పు చేసి పంపే ఇంట్లో ఈ రెండేళ్ల తేడా ఎంతటిదో నేను మీకు చెప్పనక్కర్లేదు. పిల్లవాడికి రెండూ సమానంగా ఇష్టమైతే డబుల్ మేజర్ అనే దారి ఉంది, రెండింటిలో ఒకటి స్టెమ్ అయినా పొడిగింపు అడగవచ్చు. చదువు భారం మాత్రం బాగా పెరుగుతుంది. వీసా నియమాలు మారుతుంటాయి కాబట్టి చేరే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి మీ అబ్బాయి చేతే మెయిల్ రాయించి, జవాబు దాచుకోండి.

అలాగని అతని ఇష్టాన్ని కొట్టిపారేయకండి. అక్కడ మైనర్ అంటే సాధారణంగా ఐదారు కోర్సులు, 15 నుంచి 18 క్రెడిట్లు. కొన్ని యూనివర్సిటీలు దాంతోపాటు ఒక విదేశీ భాషనో, వేరే దేశంలో ఒక సెమిస్టర్‌నో కలుపుతాయి. సౌత్ కరోలినా యూనివర్సిటీ లాంటివి ఈ సబ్జెక్టుకే పేరు తెచ్చుకున్నాయి. అతను భాష తీసుకుంటానంటే తీసుకోనివ్వండి. స్పానిష్ వచ్చిన తెలుగు ఇంజనీరుకి మెక్సికో నుంచి చిలీ దాకా పని ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, నేను తెనాలిలో బీకాం చదువుతున్నాను, మైనర్ ఇంటర్నేషనల్ బిజినెస్. ఎంబీఏ చేసే స్థోమత లేదు. దీంతో నేరుగా పని దొరుకుతుందా? వెంటనే ఐఈసీ (ఎగుమతి దిగుమతులకు కావలసిన కోడ్ నంబరు) తీసుకుని సొంతంగా ఎగుమతి మొదలుపెట్టమని కొందరు చెబుతున్నారు. – ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: ఐఈసీకి తొందరపడకు బాబూ. అది మన పాన్ నంబరుతోనే వస్తుంది, రుసుము 500 రూపాయలే, కేంద్ర విదేశీ వాణిజ్య విభాగమైన డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. అంత తేలిగ్గా వచ్చేదాన్ని చూపించి వేలకు వేలు కోర్సు ఫీజులు గుంజేవాళ్ల మాట నమ్మొద్దు. తీసుకున్నాక ప్రతి ఏడాదీ ఏప్రిల్–జూన్ మధ్య వివరాలు నిర్ధారించాలి, లేకపోతే అది నిలిచిపోతుంది. కొనేవాడు దొరికిన రోజున తీసుకో.

పని దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి ఒకే మేజర్, దాని పక్కన మైనర్ అనే పద్ధతి 2023–24 నుంచి వచ్చింది. నీ బీకాం అకౌంట్స్‌కి ఇది సరిగ్గా అతుకుతుంది. గుంటూరులో మిరప ఎగుమతి ఆఫీసులు, విశాఖలో కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులు (అందరూ ఇప్పటికీ సీహెచ్‌ఏ అనే అంటారు), ఓడ సరుకు బుకింగ్ చేసే ఫార్వర్డర్లు, వీళ్లందరికీ టైపింగ్‌లో తప్పులు చేయని మనిషి కావాలి. మొదట్లో జీతం తక్కువే. కానీ రెండేళ్లు అక్కడ కూర్చుంటే షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం) వేయడం, యూఏఈ, ఆస్ట్రేలియాలతో ఉన్న వాణిజ్య ఒప్పందాల కింద సుంకం తగ్గాలంటే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశానిదో చెప్పే పత్రం) ఎలా తీసుకోవాలి, కొన్నవాడు ఎగ్గొడితే కేంద్ర ప్రభుత్వ ఎగుమతి బీమా సంస్థ ఈసీజీసీ నుంచి బీమా ఎలా అడగాలి అన్నీ చేతికొస్తాయి. డిగ్రీతోపాటు నియమాలు అడిగే పని అనుభవం కూడా ఉంటే తర్వాత కస్టమ్స్ బ్రోకర్ పరీక్ష కూడా రాయవచ్చు. మీ ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే కాకినాడలో ఐఐఎఫ్‌టీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్) క్యాంపస్ ఉందని చెప్పు, ఐదేళ్ల కోర్సు చివర్లో ఎంబీఏ ఇంటర్నేషనల్ బిజినెస్‌లోనే ఇస్తారు.

ఈ సెలవుల్లో గుంటూరు వెళ్లి, ఏదైనా ఎగుమతి ఆఫీసులో వారం రోజులు జీతం లేకుండా కూర్చుంటానని అడుగు. ఒప్పుకునేవాళ్లు ఉంటారు. మొదటిరోజు ఒక పాత షిప్పింగ్ బిల్లు తీసి చూడు. సరుకు కోడ్ 090421తో మొదలైతే లోపల ఉన్నది ఎండు మిరపకాయ, 090422 అయితే కారప్పొడి.